ఎఫ్‌ఆర్‌రౌటింగ్: మంచి సాఫ్ట్‌వేరే, ప్యాచ్ ఉందో లేదో చూసుకోండి

బీజీపీ అంటే ఇంటర్నెట్‌లోని నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు (రూట్లు) చెప్పుకునే పద్ధతి. దాన్ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఎఫ్‌ఆర్‌రౌటింగ్‌ను ధైర్యంగా సిఫార్సు చేస్తాం. 2017లో క్వాగా అనే పాత రౌటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి విడివడింది; సిస్కో రౌటర్ల కమాండ్లు వచ్చినవాళ్లకు ఇట్టే అలవాటవుతుంది.

అయితే 7.5.1 నుంచి 9.0 దాకా వెర్షన్లలో సీవీఈ-2023-38802 (బయటపడ్డ భద్రతా లోపాలకిచ్చే నంబరు ఇది) అనే లోపం ఉంది. రూటుతో పాటు వచ్చే వివరాల్లో (ఆట్రిబ్యూట్లలో) 23వ నంబరుది పాడై వస్తే, ఆ ఒక్క రూటును పక్కన పెట్టాల్సింది పోయి పొరుగు రౌటర్‌తో ఉన్న మొత్తం సెషన్‌నే (కనెక్షన్‌నే) తెంపేస్తుంది. మళ్లీ కలవగానే అదే రూటు వస్తుంది, మళ్లీ తెగుతుంది. ఈ ఆట్రిబ్యూట్ తెలియని రౌటర్లు దాన్ని ఉన్నదున్నట్టు ముందుకు పంపేస్తాయి, అందుకే దాడి ఎంత దూరం నుంచైనా రావచ్చు. ఇలాంటప్పుడు సెషన్ తెంపకుండా ఎలా నెట్టుకురావాలో 2015లోనే ఆర్‌ఎఫ్‌సీ 7606 అనే ఇంటర్నెట్ ప్రమాణం దారి చూపినా ఇలా జరగడం బాధాకరం.

‘షో బీజీపీ సమ్మరీ’ కమాండ్‌లో, సెషన్ ఎంతసేపటి నుంచి ఆ స్థితిలో ఉందో చూపే అప్/డౌన్ టైమర్ మాటిమాటికీ సున్నాకొస్తుంటే అనుమానించండి. డెబియన్ (ఒక లినక్స్ రకం) పాత వెర్షన్‌కే ప్యాచ్ వేసింది. కాబట్టి వెర్షన్ నంబరొక్కటే నమ్మకుండా ప్యాకేజీ చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) చదవండి.