వెరికోస్ మేజోళ్ళు నాలుగేళ్ళు వాడాక: తేలికపడిన సాయంత్రాలు, కంటపడని చీలమండ

సాయంత్రం బడి విడిచాక బస్టాపు దాకా ఎక్కడా ఆగకుండా నడవగలగడం నాకు వరంలా తోచిన రోజులున్నాయి. ఆ వరం ఇచ్చినవి ఉబ్బిన కాలి సిరలకు వేసుకునే ఈ బిగువు మేజోళ్ళే కనుక ముందు వాటి మంచి చెప్పి, నాకు జరిగింది ఆ తరువాత చెప్పడం న్యాయం. నేను వాడుతున్నవి మోకాలి కింది వరకు వచ్చే, వేళ్ళ దగ్గర తెరిచి ఉండే, బిగువు లెక్కలో రెండో తరగతి మేజోళ్ళు. ఏ కంపెనీవన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఈ నాలుగేళ్ళలో మూడు రకాలు మార్చాను.

మాది పల్నాడు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్ళుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను, అంటే రోజుకు అయిదారు పీరియడ్లు నల్లబల్ల ముందు నిలబడే ఉంటాను. రెండో కాన్పు నాటికి ఎడమ పిక్క మీద మెలికలు తిరిగిన పచ్చని తాళ్ళ వంటివి పైకి తేలాయి. ఇంట్లో అందరూ 'నరాలు తేలాయి' అన్నారు. రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరనూ, స్పర్శ తెలిపే నాడినీ కూడా నరమనే పిలవడం మనకు అలవాటు కావడం వల్ల నేను మొదట వెళ్ళింది నరాల డాక్టరు దగ్గరికే. అంతకు ముందే మందుల దుకాణంలో అడిగి మూడు నెలలు బి కాంప్లెక్సు మాత్రలు మింగాను. ఆ డాక్టరుగారు నా కాలు చూసి, ఇది నాడులకు సంబంధించినది కాదనీ, సిరల లోపలి కవాటాలు సరిగా మూసుకోకపోవడమనీ చెప్పి, మేజోళ్ళు వేసుకోమని, రక్తనాళాల శస్త్రవైద్యుణ్ణి కలిసి, సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కానింగు చేయించుకోమని రాసిచ్చారు. మేజోళ్ళు ఆ వారమే కొన్నాను. స్కానింగు చేయించుకోవడానికి నాకు దాదాపు రెండేళ్ళు పట్టింది. ఈ సమీక్షంతా ఆ రెండేళ్ళ గురించేనని అనుకోవచ్చు.

మేజోడు పని చేసే తీరు నాకు పాఠం చెప్పినంత ఇష్టంగా అర్థమైంది. గుండె నుంచి చీలమండ వరకు ఎత్తు 120 సెంటీమీటర్లు అనుకుంటే, కదలకుండా నిలబడినప్పుడు అంత ఎత్తు రక్తపు స్తంభం బరువు చీలమండ దగ్గరి సిరల మీద పడుతుంది. లెక్క వేస్తే అది 90 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి పైగానే వస్తుంది. నడిచినప్పుడు పిక్క కండరం సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది, తోసిన రక్తం వెనక్కి జారకుండా కవాటాలు అడ్డుకుంటాయి, దానితో ఆరోగ్యవంతుల కాలిలో ఆ పీడనం 30 కంటే కిందికి దిగుతుంది. కవాటాలు పాడైన కాలిలో ఎంత నడిచినా అది తగినంత దిగదు. అప్పుడు రెండో తరగతి మేజోడు చీలమండ దగ్గర 23 నుంచి 32 మిల్లీమీటర్ల ఒత్తిడి బయటి నుంచి పెడుతుంది. పైకి పోయే కొద్దీ ఆ పట్టు సడలుతుంది. ఈ ఒక్క ఏర్పాటు, కింద బిగువు పైన సడలింపు, నా దృష్టిలో దీని మొత్తం విలువ. మొదటి వారంలోనే సాయంత్రపు బరువు, పిక్కల లాగుడు, రాత్రి నిద్రలో పట్టేయడం సగానికి పైగా తగ్గాయి. చెప్పుల పట్టీ సాయంత్రానికి పాదంలో దిగబడే గుర్తు కూడా పడలేదు. ఆ వారం స్టాఫ్ రూములో నలుగురికి చెప్పాను, ఇద్దరి చేత కొనిపించాను కూడా.

ఆ మెప్పులో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. మొదటి జత దుకాణదారు నా ఒడ్డూ పొడవూ చూసి 'మీడియం సరిపోతుందమ్మా' అని ఇచ్చినది. పొద్దున నిద్ర లేవగానే, కాలు వాచకముందు, చీలమండలో సన్నని చోటా పిక్కలో లావైన చోటా టేపుతో చుట్టుకొలత తీసి కొనవలసిన వస్తువిది. నా పిక్క లావుకు అది చాలక మోకాలి కింద పై అంచు చుట్టుకుపోయేది, చుట్టుకున్న చోట రెండు మూడు పొరలు పడి తాడుతో కట్టినట్లుండేది. కింద బిగువుగా ఉండవలసిన వస్తువు పైన బిగుసుకుంటే రక్తాన్ని పైకి పంపడానికి బదులు కిందనే ఆపుతుంది. రెండో జత కొలతలిచ్చి తెప్పించాక ఆ బాధ పోయింది.

మన ఆడవాళ్ళకు వేళ్ళు తెరిచి ఉన్నవే నయం, మెట్టెలు తీయనక్కరలేదు. పట్టీలు మాత్రం తీయక తప్పదు, వాటి కొక్కేనికి నా రెండో జత మడమ దగ్గర దారాలు లేచిపోయాయి. తొడిగేటప్పుడు చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకుంటే అరచేతులతోనే గుడ్డను పైకి జరపవచ్చు, గోళ్ళతో లాగనక్కరలేదు. ఎండల సంగతి వేరే చెప్పాలా? రెంటచింతల పేరు వినని తెలుగువారుండరు, మా ఊరు అక్కడికి ఎంతో దూరం లేదు. ఏప్రిల్, మే నెలల్లో వీటిని మధ్యాహ్నం దాకా ఉంచుకోవడమే గొప్ప, ఆ తరువాత విప్పేసి కాళ్ళు ఎత్తుమీద పెట్టుకుని పడుకునేదాన్ని. ఉతికాక నీడనే ఆరవేసినా ఆరు నెలలకు సాగుడు తగ్గిపోతుంది. నేను ఆ గడువు పాటించలేదు, రెండో జతను పద్నాలుగు నెలలు లాగాను.

ఇక అసలు విషయం. రెండో ఏడాది చలికాలంలో ఎడమ చీలమండ లోపలి వైపు దురద మొదలైంది. చెమటకు మేజోడు ఒరుసుకుని వచ్చిందనుకున్నాను. దుకాణంలో అడిగితే తామరకు రాసే ట్యూబు ఇచ్చారు, రాయగానే దురద తగ్గేది, మానగానే వచ్చేది, మళ్ళీ రాసేదాన్ని. అందులో బలమైన స్టీరాయిడ్ కలిసి ఉందన్నది నేను ట్యూబు మీద చదవనూ లేదు, చదివినా ఆనాడు పట్టించుకునేదాన్ని కాదేమో. తెల్లవారుజామున లైటు వేయకుండా మంచం మీదే మేజోడు తొడగడం, రాత్రి అలసిపోయి చీకట్లోనే విప్పడం అలవాటైపోయి, ఆ చోట చర్మం ఎలా ఉందో నేను నెలల తరబడి చూసుకోలేదు. కాలు నొప్పి పెడితే చూసుకునేదాన్ని. మేజోడు పుణ్యమా అని అది నొప్పి పెట్టలేదు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలైన వారం, మధ్యాహ్నం ఇంటికి వచ్చి, దురద భరించలేక మేజోడును త్వరత్వరగా కిందికి లాగాను. చేతికున్న, అంచు చెక్కుపోయిన గాజు చీలమండ దగ్గర చిన్నగా గీసుకుంది. చురుక్కుమనడం తప్ప నొప్పి లేదు. స్నానానికి వెళ్ళి వేడినీళ్ళు పోసుకుంటుంటే నీళ్ళ రంగు మారింది. చూస్తే ఆవగింజంత చోటు నుంచి రక్తం సన్నని ధారగా చిమ్ముతోంది. గోడకు ఆనుకుని నిలబడి అరిచాను. నిలబడినంతసేపూ అది ఆగలేదు, ఎందుకు ఆగుతుంది, ఆ 90 మిల్లీమీటర్ల స్తంభమంతా ఆ రంధ్రం మీదే ఉంది కదా. ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన సూత్రం నాకు ఆ నిమిషంలో గుర్తుకు రాలేదు.

మావారు పరుగెత్తుకొచ్చి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, పాము కాటుకు కట్టినట్లు తువాలుతో మోకాలి పైన గట్టిగా కట్టారు. రక్తం ఇంకా ఉధృతమైంది. పక్కింట్లో ఉండే అత్తయ్యగారు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఆమె గుమ్మంలోకి వస్తూనే, 'ముందు ఆ కట్టు విప్పు బాబూ, పైన కడితే కింద ఇంకా నిండుతుంది. అమ్మాయిని పడుకోబెట్టు, కాలు పైకెత్తు' అన్నారు. నన్ను అక్కడే నేల మీద పడుకోబెట్టి, కాలు గుండె కంటే ఎత్తున ఉండేలా కుర్చీ మీద పెట్టించి, శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద తన బొటనవేలితో నొక్కి పట్టుకున్నారు. పది నిమిషాల వరకు గుడ్డ తీసి చూడనివ్వలేదు. రక్తం ఆగింది. అంత సులువుగా ఆగేది అంతసేపు పోయిందన్న సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ పుడుతుంది. ఇటువంటి రక్తస్రావంతో, దగ్గర ఎవరూ లేని వృద్ధులు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయని ఆ తరువాత డాక్టరుగారు చెప్పారు.

మరునాడే రక్తనాళాల శస్త్రవైద్యుణ్ణి కలిశాం. ఆయన కాలిని వెలుతురులో పెట్టి నా చేతనే చూడమన్నారు. చీలమండ పైన అరచేతి వెడల్పున చర్మం గోధుమరంగు దాటి నల్లబడి ఉంది, తాకితే కొంత చోట గట్టిగా చెక్కలా, గాయమైన చోట కాగితంలా పలచగా ఉంది. సిరల్లో పీడనం ఎక్కువై ఎర్ర రక్తకణాలు బయటికి ఊరి, వాటిలోని ఇనుము చర్మంలో పేరుకోవడం ఆ రంగుకు కారణం. నేను తామర అనుకున్నది సిరల వల్ల వచ్చే ఎగ్జిమా, అంటే దురద పుట్టించే చర్మపు వాపు. దానికి ఆయన కూడా కొద్దిరోజులు స్టీరాయిడ్ లేపనమే రాశారు, కానీ ఎన్ని రోజులో, ఎప్పుడు ఆపాలో చెప్పి రాశారు. నెలల తరబడి నేను రాసుకున్నది చర్మాన్ని మరింత పలచబరిచింది. ఇలాగే వదిలేస్తే తరువాతి మెట్టు పుండని, అది ఒకసారి పడితే మానడానికి నెలలు పడుతుందని అన్నారు. ఉబ్బిన సిర వెంట ఎర్రగా, తాడులా గట్టిపడి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టినట్లనీ, ఒక పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టినా, దానికి ఆయాసం తోడైనా గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలనీ హెచ్చరించారు.

డాప్లర్‌లో గజ్జ దగ్గర, తొడ లోపలి వైపు పొడుగునా సాగే పెద్ద సిర కవాటం పూర్తిగా పాడైందనీ, చీలమండ పైన, పైసిరలను లోపలి సిరలతో కలిపే ఒక అనుసంధాన సిర కూడా తిరగబడి ప్రవహిస్తోందనీ తేలింది. మేజోడు ఆ కవాటాన్ని బాగు చేయదు, చేస్తుందని దానిమీద ఎవరూ రాయలేదు కూడా. బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు సిరకు నేరుగా చేసే చికిత్స కుదరనివారికి తప్ప మేజోళ్ళనే చికిత్సగా ఇవ్వవద్దన్నాయని ఆ తరువాత చదివాను. చదివినప్పుడు నాకు మేజోడు మీద కోపం వచ్చింది. ఆలోచిస్తే ఆ కోపానికి అది పాత్రం కాదు. అది చేస్తానన్న పని చేసింది, సాయంత్రం బరువు తగ్గించింది. ఆ తేలికను నేను నయం కావడమనుకున్నాను.

ఆ మే సెలవుల్లో ఎడమకాలికి లేజరు చికిత్స చేయించుకున్నాను. సిర వెంట మత్తు ఇచ్చి, లోపలికి సన్నని తీగ పంపి వేడితో దాన్ని మూసేశారు, అదే సాయంత్రం నడిచి ఇంటికి వచ్చాను. దురద రెండు నెలల్లో పోయింది. నలుపు మాత్రం పూర్తిగా పోలేదు, పోదని ముందే చెప్పారు. సిర ఒకటి మూసినా కొన్నేళ్ళకు వేరొకటి ఉబ్బే అవకాశం ఉంటుంది కనుక దీన్నీ చివరి మాట అనుకోవడం లేదు.

ఇప్పుడు ఆరో జత వాడుతున్నాను. కొనమంటారా అని అడిగితే ఆ ఇద్దరు టీచర్లకు చెప్పినంత ధీమాగా ఇప్పుడు చెప్పలేను. నాకు చక్కెర లేదు, పాదాల్లో ధమని కొట్టుకోవడం చేతికి బాగా అందుతుంది, రోజంతా నిలబడే ఉద్యోగం, అందుకు నాకు పనికొచ్చాయి. ఇరవై ఏళ్ళుగా చక్కెర ఉన్న మా అత్తగారు తన కాళ్ళ వాపుకు నా పాత జత అడిగితే ఇవ్వబోయాను. అదృష్టవశాత్తు ముందు డాక్టరుగారిని అడిగాం. ఆయన ఆమె చీలమండ దగ్గరా చేతికీ బీపీ కొలిచి, చేతిలో ఉన్నదానిలో సగం కూడా కాలిలో లేదని, ధమనులే ఇరుకైన కాలికి ఈ బిగువు పెడితే అందే రక్తం కూడా అందకుండా పోతుందని, ముట్టుకోవద్దన్నారు. గర్భిణులకూ, చికిత్స చేయించుకునే వీలు లేనివారికీ, స్కానింగు అయ్యి డాక్టరు చెప్పినవారికీ ఇవి మంచివే. స్కానింగుకు బదులుగా కొనేవారి సంగతే నాకు బెంగ.

పరీక్ష జవాబు పత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషనులో పదిరోజులు కదలకుండా కూర్చున్నప్పుడు కూడా వీటి అవసరం తెలిసివస్తుంది, అయినా గంటకొకసారి లేచి వరండాలో నడిచి రావడం ఇంకా బాగా పనిచేసింది. రాత్రి విప్పాక లైటు వేసి చీలమండ లోపలి వైపు చూసుకుని, కొబ్బరినూనె గాని డాక్టరిచ్చిన క్రీము గాని అప్పుడే రాస్తాను. పొద్దున రాస్తే మేజోడు సాగుడు పాడవుతుంది. తొడిగేటప్పుడూ తీసేటప్పుడూ గాజులు ముందే తీసిపెట్టుకుంటాను. కుడికాలికి కూడా కవాటం కొంత కారుతోందని కిందటి డాప్లర్‌లో తేలింది. వచ్చే సెలవుల్లో దానికీ చేయించుకోవాలా, ఇంకొన్నేళ్ళు మేజోడుతోనే నడపాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆ చర్మం రంగు మారితే మాత్రం సెలవుల దాకా ఆగను.