విరాళం కోసం అల్ట్రా పరుగు: సహారా, ఖార్దుంగ్ లా, స్టేడియం... ఏది మేలు?

విరాళాల కోసం అల్ట్రా, అంటే మారథాన్ (సుమారు 42 కిలోమీటర్లు) కంటే ఎక్కువ దూరం, పరుగెత్తాలనుకునేవాళ్లు దూరం కంటే ముందు ఖర్చు లెక్క చూసుకోవాలి. దాతలిచ్చిన దాంట్లో రూపాయి కూడా మీ టికెట్‌కో బూట్లకో పోకూడదు. ఈ లెక్క పెట్టుకుంటే ఎంపిక సగం తేలిపోతుంది.

పేరుకైతే మారథాన్ దె సాబ్ల్ దే పైచేయి. మొరాకో సహారాలో 1986 నుంచి జరుగుతోంది, సుమారు 250 కిలోమీటర్లు, వారం రోజులు. నీళ్లు, గుడారం నిర్వాహకులిస్తారు; తిండి, పడక మీ వీపు మీదే. రోజుకు కనీసం 2,000 క్యాలరీల చొప్పున బ్యాగులో తిండి ఉండాలని నియమం. ఇసుక బూట్లలోకి దూరితే రెండో రోజుకే పాదాలు బొబ్బలు. అందుకే బూటు చుట్టూ వెల్క్రో పట్టీ వేయించి, దానికి ఇసుక తొడుగు అతికిస్తారు. పట్టీని జిగురుతో అంటిస్తే చాలదు, ఎండకు ఊడొస్తుంది. చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టించాలి. ఎంట్రీ ఒక్కటే 3 లక్షల పైమాట. విమానం, సామాను కలిపితే అయిదారు లక్షలు దాటుతుంది. అంత సొమ్ము సొంత జేబులోంచి పెట్టగలిగితేనే దీని గురించి ఆలోచించండి.

ఖార్దుంగ్ లా చాలెంజ్ ఖర్చు ఇందులో నాలుగో వంతు కూడా కాదు. సెప్టెంబరులో లద్దాఖ్ మారథాన్‌తో పాటు జరుగుతుంది, 72 కిలోమీటర్లు. తెల్లవారుజామున చీకట్లో ఖార్దుంగ్ ఊళ్లో మొదలై, సుమారు 5,370 మీటర్ల కనుమ ఎక్కి లేహ్‌లో దిగాలి. కనుమ మీద గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదాంట్లో దాదాపు సగం. కనీసం పది రోజుల ముందే లేహ్ చేరి, మొదటి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకూడదు. తలనొప్పి, వాంతులు ఉంటే పైకి ఎక్కొద్దు. కూర్చున్నా ఆయాసం వస్తోందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతూ ఉండొచ్చు, వెంటనే కిందికి దించాలి. వీపున మోసే నీళ్ల సంచి గొట్టం చలికి గడ్డకడుతుంది. తాగిన ప్రతిసారీ గొట్టంలో మిగిలిన నీటిని సంచిలోకి ఊదేయాలి. ఎక్కడం కంటే చివర్లో దిగడానికే తొడలు పోతాయి. దిగుడు సాధనకు విశాఖ వాళ్లకు కైలాసగిరి దారి ఉంది, హైదరాబాదు వాళ్లకు ఫ్లైఓవర్లే గతి! అసలు చిక్కు రెండు వారాల సెలవు.

డబ్బు రాబట్టడమే లక్ష్యమైతే మా ఓటు స్టేడియంలో 24 గంటల పరుగుకే. 400 మీటర్ల ట్రాక్, 250 రౌండ్లయితే 100 కిలోమీటర్లు. దాతలు అక్కడికే వచ్చి చూడొచ్చు, పిల్లలు మీతో ఓ రౌండు వేయొచ్చు. రౌండుకు 10 రూపాయలు చొప్పున 40 మంది ఒప్పుకుంటే 250 రౌండ్లకు లక్ష. ఒక్కొక్కరి చేత గరిష్ఠ మొత్తం ముందే రాయించుకోండి. లేకపోతే 300 రౌండ్లయ్యాక మొహమాటాలు మొదలవుతాయి. ఫలితాల షీటుతో పాటు చెల్లింపు లింకు మర్నాడే పంపాలి, వారం దాటితే ఒప్పుకున్నవాళ్లలోనూ కొందరు జారిపోతారు.

ఇక్కడ కష్టం వేరే రకం. ఒకే వైపు తిరిగితే ఒక కాలు మీదే భారం పడుతుంది, నాలుగైదు గంటలకోసారి దిశ మార్చే పోటీ ఎంచుకోండి. ఉత్త నీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి తికమక, వాంతులు వస్తాయి. గంటకు 40-60 గ్రాముల పిండిపదార్థం, దాంతో ఉప్పు పడాలి: ఉప్పు చల్లిన ఉడికిన బంగాళాదుంప, పలచటి పెరుగన్నం, అరటిపండు. రాత్రి రెండు, మూడు గంటల మధ్య కుర్చీలో కూలబడితే మళ్లీ లేవడం కష్టం, తింటూ నడవండి.

ఏ పరుగైనా సొమ్ము మీ యూపీఐకి రానివ్వకండి, నేరుగా సంస్థ ఖాతాకే వెళ్లాలి. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే రసీదు (80జి) అలాగే వస్తుంది. 2,000 దాటిన నగదుకు ఆ మినహాయింపు లేదు, కొత్త పన్ను విధానంలో అసలే లేదు. అమెరికా బంధువులిస్తామంటే ముందు ఏ పాస్‌పోర్టో అడగండి. భారత పౌరులైతే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చేది) ఉన్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంస్థ దాన్ని ముట్టుకోకూడదు.