పిల్లలకు రంగులు: జీకాంప్రీనా, టక్స్ పెయింటా?

పర్లాకిమిడిలో మాలాంటి ఇళ్లలో చిన్నపిల్లలకు ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా, కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంగ్లిష్. అందుకే రంగులు నేర్పే ఆట ఏదైనా సరే, పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే.

జీకాంప్రీ, టక్స్ పెయింట్ రెండూ పిల్లల కోసం చేసిన కంప్యూటర్ ప్రోగ్రాములు, రెండూ ఉచితమే. జీకాంప్రీలోని రంగుల ఆటలో తెర మీద రంగురంగుల బాతులుంటాయి. ఏ రంగు బాతు కావాలో గొంతు చెబుతుంది, దాని మీద నొక్కాలి. అంతే. చదవడం రాని పిల్లలకు ఇది హాయి, మౌస్ పట్టడం కూడా అలవాటవుతుంది. కాకపోతే మా పాప లాంటి గడుగ్గాయిలు వరసపెట్టి అన్నిటినీ నొక్కుకుంటూ పోయి సరైనదాన్ని పట్టేస్తారు. నొక్కేలోపు "పసుప్పచ్చ బాతు ఏదమ్మా? వేలితో చూపించు" అని నేను ఆపుతాను. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి!

టక్స్ పెయింట్ 2002లో వచ్చిన బొమ్మలేసే ప్రోగ్రామ్. మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. కింద రంగుల వరస ఉంటుంది. ఇందులో తప్పు, ఒప్పు ఉండవు, ఎవరూ పరీక్ష పెట్టరు. కానీ వంకాయ వేద్దామంటే ఊదా రంగు ఏదో తనే వెతుక్కోవాలి, ఆకుపచ్చ తొడిమ పెట్టాలి. చిక్కల్లా మౌస్ నొక్కి పట్టి లాగడమే, మూడేళ్ల చేతికి అది కష్టం. గీత వంకరపోతే ఏడుపు.

నా ఓటు మాత్రం టక్స్ పెయింట్‌కే. నాలుగేళ్లు నిండని వాళ్లకైతే ముందు బాతులు చూపించండి, పది నిమిషాలు చాలు.