కొన్ని చలికాలాల తర్వాత వింటర్ టైర్ల మీద నా మాట

వింటర్ టైర్లు ఎలా ఉన్నాయని ఎవరడిగినా నేను ముందు బ్రేకు సంగతే చెబుతాను. మంచులో బండి కదులుతుందా లేదా అన్నదే అందరి దిగులు. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లయితే తమకు ఈ టైర్లతో పనే లేదంటారు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందితే బండి తేలిగ్గా కదులుతుంది, నిజమే. కానీ బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి కదా! ఆపే దగ్గర ఆల్ వీల్ డ్రైవ్ వల్ల ఒరిగేదేమీ లేదు. అక్కడ రోడ్డుని పట్టుకోవాల్సింది రబ్బరే.

కారుతో పాటు వచ్చిన ఆల్ సీజన్ టైర్లతోనే చాలాకాలం నడిపాను. అవి తీసిపారేయాల్సిన టైర్లేం కావు. వానలో బాగుండేవి, చప్పుడు తక్కువ, కొద్దిపాటి మంచులో నెమ్మదిగా లాక్కొచ్చేవి. ఇబ్బందల్లా చలి ముదిరాకే. సుమారు 7 డిగ్రీల కిందికి దిగితే మామూలు రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుంది. సమ్మర్ టైర్లలో ఇది మరీ ఎక్కువ, ఆల్ సీజన్‌లో కొంత నయం. పాతబడి గట్టిపడిన ఎరేజర్ కాగితాన్ని పట్టుకోకుండా ఎలా జారిపోతుందో ఇదీ అంతే. వింటర్ టైర్లకి సిలికా ఎక్కువ కలిపిన మెత్తటి రబ్బరు వాడతారు. ట్రెడ్ నిండా, అంటే రోడ్డుకి తగిలే గాళ్ల భాగం నిండా, సన్నటి చీలికలుంటాయి, బరువు పడినప్పుడు వాటి అంచులు మంచుని పట్టుకుంటాయి. ఇదంతా కొనకముందే చదివాను. నమ్మకం కుదిరింది మాత్రం ఒక ఉదయం.

మా వీధి నుంచి పెద్ద రోడ్డుకి చేరాలంటే ఒక వాలు దిగాలి, దాని చివర సిగ్నల్ ఉంటుంది. ముందురోజు రాత్రి సన్నగా వాన పడి, తెల్లారేసరికి కంటికి కనపడని పొరగా గడ్డకట్టింది. ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూగా ఉంది. గడ్డకట్టిన రోడ్డు మరీ చల్లగా ఉన్నప్పటికన్నా ఈ సున్నా దగ్గరే ఎక్కువ జారుతుంది, ఎందుకంటే పైన నీళ్ల పొర ఒకటి నిలిచి ఉంటుంది. నా ముందు వెళ్తున్న కారు బ్రేకు లైట్లు వెలిగాయి. వెలుగుతూనే ఉన్నాయి, కారు మాత్రం దిగుతూనే ఉంది. మెల్లగా పక్కకి తిరిగి, ఎర్ర లైటు దాటి, అవతలి ఫుట్‌పాత్ అంచుకి కొట్టుకుని ఆగింది. అదృష్టం కొద్దీ అడ్డంగా ఎవరూ రాలేదు.

నేను అప్పటికే వాలు సగం దిగాను. బ్రేకు నొక్కగానే పెడల్ కింద ఏబీఎస్, అదే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, టకటకలాడింది. ఆ టకటకలు నాకు కొత్త కాదు. పాత టైర్లతో అదే చోట అవి మొదలయ్యాయంటే, స్టీరింగ్ పట్టుకుని కారు ఎక్కడ ఆగుతుందా అని చూడడం తప్ప చేసేదేమీ ఉండేది కాదు. ఈసారి ఆ టకటకల మధ్యలోనే వేగం తగ్గుతున్నట్టు ఒంటికి తెలిసింది. సీటు బెల్టు ఛాతీని కాస్త నొక్కింది. తెల్లగీతకి ఇంకా చోటుండగానే కారు ఆగింది, అదీ వంకర పోకుండా. మెల్లగా పక్కకి తీసి నిలిపి, ఆ ముందు కారు నడిపినాయన్ని చూద్దామని దిగాను. దిగగానే కాలు జారి మళ్లీ తలుపు పట్టుకున్నాను. మంచి బూట్లతో నిలబడడానికే పట్టు దొరకని రోడ్డది. దాని మీద అంత బరువున్న కారు ఆగిందంటే, ఇప్పటికీ నాకు అబ్బురంగానే ఉంటుంది.

ఆయనకి దెబ్బలేం తగల్లేదు, చేతులు మాత్రం వణుకుతున్నాయి. ఆయన టైర్లు అరిగినవేం కావు, పైగా వాటి మీద ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని ఉంది. ఆ అక్షరాల వల్లే చాలామంది ధీమా పడతారు. అవి ట్రెడ్ ఆకారాన్ని బట్టి కంపెనీ వేసుకునేవి, వాటి కోసం మంచు మీద పరీక్ష పెట్టాలనేం లేదు. మూడు శిఖరాల కొండలో మంచుపువ్వు ఉండే గుర్తు వేరు. 1999లో వచ్చిన ఆ గుర్తుకి పరీక్ష తప్పనిసరి. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉన్న టైర్లని వింటర్ టైర్లుగా ఒప్పుకోవడం లేదు. అయితే కొండ గుర్తు పరీక్ష కూడా అణిగిన మంచు మీద పట్టు కోసమే, గడ్డకట్టిన రోడ్డు కోసం కాదు. యూరప్ టైర్ లేబుళ్ల మీద 2021 నుంచి దానికి వేరే గుర్తు ఉంది. నా అనుభవంలో అసలు తేడా బయటపడేది ఆ గడ్డ మీదే.

ఇంత మెచ్చుకున్నాక ఇదీ చెప్పాలి. ఆ పట్టు కొత్త టైర్లది. రెండు మూడు చలికాలాలు గడిచాక అదే వాలు మీద కారు ఆగడానికి ముందుకన్నా ఎక్కువ దూరం తీసుకుంది. కొలిచి చూస్తే ట్రెడ్ లోతు 4 మిల్లీమీటర్లకి దగ్గరపడింది. చూపుకి ఇంకా బాగానే ఉన్నాయి, వేసవిలో అయితే హాయిగా నడపొచ్చు. కానీ ఆస్ట్రియాలో వింటర్ టైర్లకి కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలని చట్టమే ఉంది. కొన్ని మోడళ్లలో ఆ ప్రత్యేకమైన రబ్బరు పై భాగంలోనే ఉంటుంది, అది అరిగాక మిగిలేది ఇంచుమించు మామూలు టైరే. కొనేటప్పుడు ఈ ముక్క అడిగి తెలుసుకోవాలి.

ఎండలు మొదలయ్యాక ఇవి అస్సలు బాగుండవు. స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గానీ బండి తిరిగినట్టుండదు, వెచ్చటి రోజు వాన పడితే బ్రేకు దూరం పెరుగుతుంది, పైగా గబగబా అరిగిపోతాయి. కాబట్టి ఏడాదికి రెండుసార్లు మార్చక తప్పదు. వేరే రిమ్‌ల మీద ఉంచుకుంటే పని సులువు. మార్చాక వంద కిలోమీటర్ల లోపే నట్లు మళ్లీ బిగించి చూడాలి. చలి పెరిగే కొద్దీ గాలి కూడా తగ్గుతుంది, అయిదారు డిగ్రీలకి ఒక పీఎస్ఐ చొప్పున. పొదుపు కోసం ముందు రెండు చక్రాలకే వేయించాలనుకునే వాళ్లకి నా విన్నపం, దయచేసి వద్దు. ముందు చక్రాలు పట్టుకుని వెనకవి జారితే బండి గిర్రున తిరిగిపోతుంది.

మా ఆవిడ కారుకి కొండ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు వేయించాం. ఏడాది పొడుగునా అవే. అణిగిన మంచులో నా కారుకీ తనదానికీ పెద్ద తేడా కనపడలేదు. ఆ వాలు మీద గడ్డకట్టిన రోజు మాత్రం తేడా తెలుస్తుంది, అలాంటప్పుడు తను ఇంటి నుంచే పనిచేస్తుంది. మామూలుగా కూడా తను బయల్దేరేసరికి రోడ్డు ఊడ్చి ఉప్పు చల్లేసి ఉంటారు. నా డ్యూటీ తెల్లారకముందే, ఉప్పు బండి రాకముందే. టైర్లు దాచుకోవడానికి గ్యారేజీ ఉంది కాబట్టి రెండు సెట్లు నాకు సాగుతున్నాయి. అది లేకపోయినా, మధ్యాహ్నానికి కరిగిపోయే మంచే ఎక్కువైనా, నేనూ బహుశా ఆల్ వెదర్ వైపే మొగ్గేవాణ్ణేమో. ఇప్పటికైతే అరిగిన సెట్ తీసేసి మళ్లీ వింటర్ టైర్లే తీసుకుంటున్నాను. మా ఆవిడ డ్యూటీ వేళలు మారితే తప్ప తన టైర్లు మార్చే ఆలోచన లేదు.