పిల్లల జ్వరం సిరప్ కొనేటోళ్లు సీసా మీద 120 ఉందా 250 ఉందా చూస్కోండి

హైదరాబాద్‌ల చిన్నపిల్లలున్నోళ్లు కొంచెం ఇది చదవండి, అసలే ఇంటింటికీ జ్వరాలున్నయి.

మా చిన్నోడికి 102 ఉండె, బరువు పది కిలోలు. డాక్టర్ చీటీ మీద పారాసిటమాల్ సిరప్ 120/5, ఆరు ఎంఎల్, మళ్లీ కావాలంటే ఆరు గంటలయినంక అని నీట్‌గా రాసిండు. దిల్‌సుఖ్‌నగర్ సైడు ఒక మెడికల్ షాపుకి పోతే కౌంటర్ల పిలగాడు ఫోన్ల మాట్లాడుకుంటనే సీసా కవర్ల ఏసి ఇచ్చిండు. ఇంటికొచ్చినంక సీల్ తీసే ముందు మా ఆవిడ లేబుల్ చదివితే 250/5. బ్రాండ్ అదే, డబ్బా రంగు అదే, అంకె ఒక్కటే తేడా, అది కూడా మూలకి సన్నగా ఉంది.

120/5 అంటే ఐదు ఎంఎల్‌ల 120 మిల్లీగ్రాములు. పిల్లలకి మామూలుగా ఒక డోసుకి కిలోకి 15 మిల్లీగ్రాముల దాకా ఇస్తరు, అంటే మావోడికి 150. ఆరు ఎంఎల్ 120ది అయితే 144, సరిపోయింది. అదే ఆరు ఎంఎల్ 250ది పోస్తే 300, డబుల్! రోజంతా అట్లనే పోస్తా పోతే లివర్‌కి దెబ్బ. డ్రాప్స్ ఇంకా డేంజర్, అవి ఒక్క ఎంఎల్‌కే 100 ఉంటయి, సిరప్ లెక్కన పోసేరు జాగ్రత్త.

వాపస్ తీస్కపోతే "రెండూ ఒకటే సార్, సగం పొయ్యండి" అంటడు. సగం పొయ్యాలని ఇచ్చేటప్పుడు చెప్పాలె కదా అయ్యా. పైనుంచి "తొందరగా దిగాలంటే ఇది స్ట్రాంగ్" అని ఇంకో సీసా తీసిండు, చూస్తే మెఫెనమిక్ యాసిడ్ (ఇంకో రకం జ్వరం, నొప్పుల మందు) ప్లస్ పారాసిటమాల్, చీటీల లేనే లేదు. దాంట్ల కూడా పారాసిటమాల్ ఉంది, రెండూ ఏస్తే మళ్లీ డబులే. పైగా డెంగీ కాదని తేలేదాకా మెఫెనమిక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఇయ్యొద్దు, బ్లీడింగ్ రిస్క్ పెరుగుతది.

గట్టిగా మాట్లాడితే సీసా మార్చిండు. బిల్లు అడిగితే మాత్రం ముఖం మాడ్చుకుండు, కంప్యూటర్ పనిచేస్తలేదట! మీరు బిల్లు లేకుండా తీస్కోవద్దు, బ్యాచ్ నంబర్ ఉండాలె. ఇట్లాంటివి జరిగితే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ టోల్ ఫ్రీ 1800-599-6969 ఉంది, ఆఫీస్ టైంల చేయండి.