లంక పడవకి అడుగు రంగు: వన్‌టౌన్ షాపూ, ఆటోనగర్ మేస్త్రీ

రాయపూడి దగ్గర లంకలో మాకు కూరగాయల తోట ఉంది. కూలీలైనా, సరుకైనా పడవ మీదే రావాలి. ఈమధ్య మచిలీపట్నం వైపు సముద్రంలో తిరిగిన ఫైబర్ పడవ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పడవ గట్టిదే. అడుగున మాత్రం ఎర్రటి యాంటీఫౌలింగ్ పెయింట్ (గుల్లలూ పాచీ పట్టకుండా వేసే రంగు) పొర మీద పొర, మధ్యమధ్యలో చచ్చిన గుల్లలు. దాన్ని తీయించి కొత్త రంగు వేయించాలంటే విజయవాడలో ఎవరిని అడిగినా ‘కార్ల పెయింటర్ ఉన్నాడుగా’ అంటారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు వెళ్లిన షాపులో పడవ అనగానే సముద్రపు పడవలకి వేసే యాంటీఫౌలింగ్ పెద్ద డబ్బాలు రెండు ఆర్డర్ రాసేసుకోబోయారు. అడ్వాన్స్ ఇవ్వకుండా బయటపడ్డాను. తర్వాత వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్‌కి దగ్గర్లో ఉన్న పాత పెయింట్ల షాపుకి వెళ్లా. అక్కడి పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్నే నాకు నచ్చింది: ‘‘పడవ ఎక్కడ కడతారండీ, బ్యారేజీకి పైనా, కిందా?’’

పైనే అన్నాను. ‘‘అయితే అంత ఖరీదు డబ్బా మీకెందుకండీ’’ అన్నాడు. ఆ రంగులో ఉండేది రాగి ఆక్సైడ్. అది కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతూ గుల్లలు పట్టకుండా చూస్తుంది. ప్రకాశం బ్యారేజీకి పైన ఉన్నది మంచినీళ్లు, సముద్రపు గుల్లలు ఇక్కడ బతకవు. పట్టేది పాచి ఒక్కటే. దానికోసం మనం తాగే నీళ్లలో రాగి కలపడం ఎందుకు అన్నది ఆయన వాదన. సరుకు అమ్ముకునేవాడు వద్దని చెప్పడం అరుదు కదా, నమ్మాను.

నేనుండగానే నిజాంపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనకి మాత్రం రాగి రంగే రాశాడు. పడవ ఎప్పుడూ నీళ్లలోనే ఉంటే తనంతట తాను అరిగే రకం వెయ్యమన్నాడు. పాతది ఆ రకమైతే దాని మీద గట్టి రకం వెయ్యొద్దని, వేస్తే పాతదానితో పాటే ఊడుతుందని గట్టిగా చెప్పాడు. డబ్బాలో రాగి అడుక్కి దిగిపోతుంది కాబట్టి కర్రతో అడుగంటా కలపాలట. ఇంజన్‌కి నీళ్లలో దిగే అల్యూమినియం కాలికి మాత్రం పూయకూడదు, రాగి తగిలితే అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఇక తీసే పని. నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. షాపాయనే ఆటోనగర్‌లో ఫైబర్ పని చేసే మేస్త్రి నంబర్ ఇచ్చాడు. మంగళవారం అన్నవాడు శుక్రవారం వచ్చాడు, మధ్యలో ఫోనెత్తలేదు. పని మొదలుపెట్టాక మాత్రం వంక పెట్టలేం. స్క్రాపర్ మూలలు రెండూ ఆకురాయితో గుండ్రంగా అరగదీసి గానీ పడవ మీద పెట్టలేదు. మూల దిగితే జెల్‌కోట్ (ఫైబర్ మీద ఉండే నున్నటి పై పొర) మీద గాటు పడుతుందట. కార్లకి వాడే రిమూవర్ తెస్తానంటే, అది రంగుతో పాటు కింద ఫైబర్‌నీ మెత్తబరుస్తుంది, వద్దన్నాడు. గ్రైండర్ ముట్టుకోలేదు. మొత్తం వాటర్ పేపర్‌తో, నీళ్లు పోస్తూనే రుద్దాడు. పాత పడవల మీద టీబీటీ అనే తగరపు మందు కలిపిన రంగు ఉండొచ్చు. 2008 నుంచి అంతర్జాతీయంగా నిషేధం ఉన్న సరుకు అది, దాని దుమ్ము పీల్చకూడదు. కింద పరిచిన టార్పాలిన్ మీద మిగిలిన ఎర్ర ముద్ద చూస్తే గుంటూరు మిర్చి యార్డు ఊడ్చి తడిపినట్టుంది. ఏటిలో పడకుండా అంతా సంచులకెత్తించాను. వెనక పలక దగ్గర కొంచెం రంగు వదిలేశాడు, అది తర్వాత మా తమ్ముడు గీకాడు.

బాగా ఆరబెట్టాక అడుగంతా ఎపాక్సీ వేశాం, అంటే రెండు డబ్బాలుగా వచ్చే పూత, ఒకదాంట్లో రెండోది (హార్డ్‌నర్) కలిపితే గట్టిపడుతుంది. ఫైబర్‌లోకి నీళ్లు దిగి బొబ్బలు లేవకుండా అది కాపాడుతుంది. మన ఎండల్లో ఒక జాగ్రత్త: హార్డ్‌నర్ కలిపాక ఆలస్యమైతే డబ్బాలోనే కాగి రాయిలా అవుతుంది. తెల్లవారుజామున, కొద్దికొద్దిగా కలుపుకుంటే టెన్షన్ లేదు. నీటిగీతకి పైన ఎపాక్సీ ఎండకి తెల్లగా సున్నం రాలినట్టవుతుంది కాబట్టి అక్కడ పాలీయురిథేన్ పూత వేయించాం.

ఇప్పుడు నీటిగీత దగ్గర పాచి పడుతోంది, పడదని ఎవరూ చెప్పలేదు కూడా. ఒడ్డుకి లాగినప్పుడు కొబ్బరి పీచుతో రుద్దితే పోతోంది. పీచుకి ఊడిన రంగు అంటడం లేదు, నాకు కావాల్సింది అదే.

షాపుకి ఒక మార్కు తగ్గిస్తా. బిల్లు అడిగితే గానీ రాయరు, పైగా నాకిచ్చిన హార్డ్‌నర్ డబ్బా మీద వాడాల్సిన తేదీ దాటిపోయింది. చూపిస్తే మాట్లాడకుండా మార్చిచ్చారు గానీ, దానికోసం మళ్లీ వన్‌టౌన్ ట్రాఫిక్‌లో పడాల్సి వచ్చింది. మీరు వెళ్తే కౌంటర్ దగ్గరే రెండు డబ్బాల మీదా తేదీ చూసుకోండి. ఆదివారం షాపు తీయరు.