రీడ్‌మీలో బ్యాడ్జ్: గిట్‌హబ్‌ది మేలా, షీల్డ్స్‌ది మేలా, మనం చేసుకున్నది మేలా?

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి రోజు రీడ్‌మీ (ప్రాజెక్ట్‌ని పరిచయం చేసే పేజీ) తెరిచింది. పైనే ఉన్న బ్యాడ్జ్ మీద (ప్రాజెక్ట్ స్థితి చెప్పే చిన్న బొమ్మ) ఆకుపచ్చగా ‘పాసింగ్’ అని ఉంది. కోడ్ దించుకుని టెస్టులు నడిపితే పదకొండు ఫెయిలయ్యాయి. తన లాప్‌టాప్‌లోనే ఏదో తేడా ఉందనుకుని సాయంత్రం దాకా పైథాన్ వెర్షన్లు మారుస్తూ కూర్చుంది. తీరా చూస్తే తప్పు మాది. పనంతా మాస్టర్ అనే బ్రాంచ్ (కోడ్‌లో ఒక విడి శాఖ) నుంచి మెయిన్‌కి మార్చి ఏడాది దాటినా, బ్యాడ్జ్ అడ్రస్ చివర ఇంకా మాస్టర్ అనే ఉంది. ఆ పాత బ్రాంచ్‌లో చివరి బిల్డ్ (కోడ్‌ని కూర్చి టెస్టులు నడపడం) పాసయింది కాబట్టి ఆ ఆకుపచ్చ రంగు అలాగే ఉండిపోయింది.

వచ్చిన రోజే తనని తాను అనుమానించుకునేలా చేశామని చాలా బాధేసింది. అప్పటినుంచి ఏ బ్యాడ్జ్ పెట్టాలన్నా ముందు ఒకటే అడుగుతున్నాను: టెస్టులు ఫెయిలైన రోజున ఇది తనంతట తాను ఎర్రబడుతుందా?

ఈ లెక్కన కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లో టెస్టులు నడిపే యాక్షన్స్ సొంతంగా ఇచ్చే బ్యాడ్జ్‌కే నా మొదటి ఓటు. టెస్టులు నడిపేదీ, బొమ్మ గీసేదీ ఒకరే కాబట్టి మధ్యలో కబురు తప్పిపోయే అవకాశం తక్కువ. ఏ పనులు నడపాలో రాసే వర్క్‌ఫ్లో ఫైల్ పేరుతో అడ్రస్ తయారవుతుంది, వేరే అకౌంట్ అక్కర్లేదు. కానీ ఒక మెలిక ఉంది. బ్రాంచ్ పేరు చెప్పకపోతే అది డిఫాల్ట్ బ్రాంచ్ స్థితి చూపిస్తుంది. ఆ బ్రాంచ్‌లో ఆ వర్క్‌ఫ్లో ఒక్కసారి కూడా నడవకపోతే, ఏ బ్రాంచ్‌లో చివరగా నడిచిందో దాని ఫలితం చూపిస్తుంది. అంటే ఎవరో సగం రాసి వదిలేసిన బ్రాంచ్ ఫలితం మీ ప్రాజెక్ట్ ముఖం మీదకి వస్తుంది. అందుకే బ్రాంచ్ పేరు రాసే తీరాలి, బ్రాంచ్ మారిన రోజున దాన్నీ మార్చాలి. ప్రైవేట్ రిపోజిటరీ అయితే ఈ బ్యాడ్జ్ బయటివాళ్లకి కనపడదు.

గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌లాబ్ వాడేవాళ్లకి ఇంకాస్త సుఖం. పైప్‌లైన్‌ (బిల్డ్, టెస్టుల వరస) బ్యాడ్జ్‌తో పాటు కవరేజ్ (కోడ్‌లో ఎంత భాగం టెస్టుల్లో నడిచిందో) బ్యాడ్జ్ కూడా అక్కడే దొరుకుతుంది. గిట్‌హబ్‌లో కవరేజ్ కావాలంటే కోడ్‌కవ్ లాంటి బయటి సర్వీసు పట్టుకోవాలి, లేదా సొంతంగా చేసుకోవాలి.

ఇక షీల్డ్స్, అంటే బ్యాడ్జ్‌లు తయారుచేసి ఇచ్చే వెబ్ సర్వీసు. అందరి రీడ్‌మీలూ ఒకేలా చూడముచ్చటగా కనపడటానికి కారణం ఇదే. వెర్షన్, లైసెన్స్, డౌన్‌లోడ్‌లు అన్నీ ఒకే తీరులో ఇస్తుంది. చేతితో రాసుకునే స్టాటిక్ బ్యాడ్జ్ కూడా తేలికే: అడ్రస్‌లో లేబుల్, సందేశం, రంగు మధ్యలో హైఫన్లు పెడితే చాలు. సందేశంలోనే హైఫన్ ఉంటే, ఉదాహరణకి ‘2.0-బీటా’ అని కావాలంటే, అక్కడ రెండు హైఫన్లు పెట్టాలి. ఖాళీ కావాలంటే అండర్‌స్కోర్. ఇది తెలియక విరిగిన బొమ్మతో గంటలు గడిపినవాళ్లు చాలామంది ఉంటారు.

అయితే స్టాటిక్ బ్యాడ్జ్ మీద ‘పాసింగ్’ అని మాత్రం ఎప్పుడూ రాయకండి. ప్రపంచం తలకిందులైనా అది ఎర్రబడదు. లైసెన్స్ లాంటి మారని విషయాలకే అది సరిపోతుంది.

బిల్డ్ స్థితికి కూడా షీల్డ్స్ వాడొచ్చు, కానీ నేను వాడను. వాళ్లు గిట్‌హబ్‌ని అడగాలి, జవాబు కాసేపు దాచుకోవాలి, పైగా గిట్‌హబ్ కూడా బయటి బొమ్మలను క్యామో అనే ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) ద్వారా చూపిస్తుంది. ఇన్ని చేతులు మారేసరికి ఆలస్యం తప్పదు. అడ్రస్ పద్ధతి మారే ప్రమాదమూ ఉంది: గిట్‌హబ్ వర్క్‌ఫ్లో బ్యాడ్జ్‌ల అడ్రస్‌ను షీల్డ్స్ మార్చినప్పుడు పాతవి ఒక్కసారిగా స్థితి చూపించడం మానేశాయి. టెస్టులు నడిపే మరో సర్వీసు ట్రావిస్ సీఐ పాత సైటులో 2021 జూన్ 15తో బిల్డ్‌లు ఆగిపోయాయి. ఆ బ్యాడ్జ్‌లు ఇప్పటికీ కొన్ని పాత రీడ్‌మీలలో వేలాడుతూనే ఉన్నాయి.

మూడోది, బొమ్మని మనమే చేసుకోవడం. దానికి పైథాన్‌లో ఎనీబ్యాడ్జ్ అనే లైబ్రరీ ఉంది, నోడ్ (జావాస్క్రిప్ట్) వాళ్లకి షీల్డ్స్ వాళ్లదే బ్యాడ్జ్‌మేకర్ ఉంది. కవరేజ్ ఎంత శాతం దాటితే ఏ రంగో మనమే చెప్పుకోవచ్చు. ఇంటర్నెట్ లేని ఆఫీస్ నెట్‌వర్క్‌లో కూడా ఇది పనిచేస్తుంది. కానీ నన్ను ఎక్కువ భయపెట్టేదీ ఇదే. సాధారణంగా టెస్టుల స్టెప్ తర్వాత బ్యాడ్జ్ స్టెప్ రాస్తాం. టెస్టులు ఫెయిలైతే పని అక్కడే ఆగిపోతుంది, బ్యాడ్జ్ స్టెప్ దాకా రాదు, నిన్నటి ఆకుపచ్చ బొమ్మే మిగులుతుంది. ఎర్రబడాల్సిన రోజునే అది కదలదన్నమాట. ముందు స్టెప్ ఏమైనా సరే ఈ స్టెప్ నడవాలని ‘ఆల్వేస్’ షరతు పెట్టి తీరాలి. తయారైన బొమ్మని మెయిన్‌లోనే కమిట్ చేస్తే (కోడ్ చరిత్రలో నమోదు చేస్తే) చరిత్ర అంతా బ్యాడ్జ్ కమిట్లతో నిండిపోతుంది, వేరే బ్రాంచ్‌లో పెట్టుకోవడం నయం.

ఏది వాడినా ఆల్ట్ టెక్స్ట్‌లో ‘టెస్టులు పాస్’ అని రాయొద్దు, ‘టెస్టుల స్థితి’ అని రాయండి. బొమ్మ లోడ్ కాకపోతే కనపడేదీ, స్క్రీన్ రీడర్ చదివేదీ ఆ మాటే. పాత వెర్షన్ డాక్యుమెంటేషన్‌లో మెయిన్ బ్రాంచ్ బ్యాడ్జ్ ఉంటే తీసేయండి. వెర్షన్ 1.4 డాక్యుమెంటేషన్ చదువుతున్నవాళ్లకి ఈరోజు మెయిన్ ఎలా ఉందో అనవసరం.

మా రీడ్‌మీలో ఇప్పుడు మూడే ఉన్నాయి: టెస్టులకి గిట్‌హబ్‌ది, వెర్షన్‌కీ లైసెన్స్‌కీ షీల్డ్స్‌వి. టెస్టుల బ్యాడ్జ్ పెట్టిన రోజున వేరే బ్రాంచ్‌లో కావాలని ఒక టెస్ట్ చెడగొట్టి, అడ్రస్‌లో ఆ బ్రాంచ్ పేరు పెట్టి చూశాం. ఎర్రబడింది. ఆ తర్వాతే మెయిన్ అని మార్చి రీడ్‌మీలో ఉంచాం.